నాయనకి ఏ పుస్తకం ఇవ్వాలి? (పెంచుకున్న జీవాలు, ప్రేమ, పోగొట్టుకోవడం, దేవుడు)

స్వర్ణముఖి (తిరుపతి)

ఈ వేదికలో చాలా కాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. ఒక పుస్తకం విషయంలో సలహా కావాలి.

మా నాయన చంద్రగిరి పక్కన మా ఊళ్ళో ఒక్కడే ఉంటాడు. అమ్మ పోయినాక ఆయనకి తోడంటే మణిగాడే. ఊరకుక్క, జాతీ గీతీ ఏం లేదు. పదేళ్ళకు పైగా నాయన వెనకే తిరిగింది. పోయిన నెల కిడ్నీలు చెడిపోయి చచ్చిపోయింది. నాయన దాన్ని మామిడిచెట్టు కింద పూడ్చి, పసుపు కుంకుమ చల్లి, టెంకాయ కొట్టి, మూడో రోజు పోయి పాలు కూడా పోసి వచ్చాడంట. అది చూసి ఊళ్ళో ఒకరిద్దరు "కుక్కకి కూడా కర్మాంతరం చేస్తావా పెద్దాయనా" అని ఎగతాళి చేశారు. అప్పట్నించి రచ్చబండ దగ్గరికి పోవడం మానేశాడు. ఇంకో కుక్కపిల్లని తెచ్చిస్తానంటే ఫోన్ పెట్టేశాడు.

నాయన ఒకప్పుడు లైబ్రరీ పుస్తకాలు వరసబెట్టి చదివిన మనిషి. మళ్ళీ ఏదన్నా చేతిలో పెడితే కొంచెం తేరుకుంటాడని ఆశ. పెంచుకున్న జంతువు మీద ప్రేమ, అది పోతే పడే బాధ, అందులో దేవుడెక్కడున్నాడు అనే ప్రశ్న, వీటి మీద తెలుగులో బాగా రాసినవాళ్ళు ఎవరు? ఇంగ్లీషులో ఇలాంటివి కుప్పలుగా ఉన్నాయి కానీ నాయన తెలుగే చదువుతాడు. ఓదార్పుగా ఉండేవి చెప్పండి.

పాకాల_పాసింజర్

అక్కా, చిత్తూరు జిల్లాలో పుట్టి ఈ ప్రశ్న అడుగుతున్నారా! (సరే, ఇప్పుడు మనది తిరుపతి జిల్లా అనుకోండి, 2022 నుంచి. నాకింకా అలవాటు కాలేదు.) డాక్టర్ కేశవరెడ్డి. మనవాడే, తలుపులపల్లిలో 1946లో పుట్టాడు. ఉద్యోగం నిజామాబాద్ వైపు డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో. రాసింది మాత్రం ఎక్కువగా మన పల్లెల గురించే. 2015లో పోయాడు.

మీ నాయనకి 'అతడు అడవిని జయించాడు' ఇవ్వండి. చిన్న నవల, ఒక పూటలో అయిపోతుంది. ఒక ముసలివాడు పందులు కాచుకుంటూ బతుకుతుంటాడు. ఓ సాయంత్రం మంద ఇంటికొస్తుంది, చూలుతో ఉన్న పంది మాత్రం రాదు. బల్లెం తీసుకుని అడవిలోకి పోతాడు. అది ఒక పొదలో ఈని ఉంటుంది. అక్కడ్నించి తెల్లారేదాకా జరిగేదే కథ. మనుషులు దాదాపు లేరు. ముసలివాడు, పంది, పిల్లలు, నక్కలు, చీకటి. అంతే. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళు దీన్ని వేరే భారతీయ భాషల్లోకి కూడా తెచ్చారు.

అలివేలు

పాసింజర్ గారూ, ఆమె ఓదార్పు కావాలని అడిగితే మీరు కేశవరెడ్డిని ఇస్తారా? ఆ పుస్తకం చదివి నేను అన్నం తినలేకపోయాను. ముగింపు చెప్పను కానీ, తల నిమిరే పుస్తకం మాత్రం కాదది. అప్పుడే కుక్కని పూడ్చిపెట్టిన మనిషికి ఇవ్వాల్సిందా!

నా మాట వినండి స్వర్ణముఖి గారూ. మొదట తేలికైనవి ఇవ్వండి. నామిని కతలు తీసుకోండి. ఆయన ఊరు మిట్టూరు మీకు కూతవేటు దూరం. ఎనుములూ కోళ్ళూ మేకలూ ఇంటి మనుషులతో సమానంగా తిట్లు తింటూ తిరిగే ఇళ్ళు. మీ నాయన ఆ భాష చదివి కనీసం ఒకసారన్నా నవ్వుతాడు.

పాకాల_పాసింజర్

నవ్వించడానికి నామినిని మించినవాళ్ళు లేరు, ఒప్పుకుంటా. కానీ ఆమె అడిగింది నవ్వు కాదు కదా.

నా అనుభవం ఒకటి చెప్తా. మా ఇంట్లో ఆవు పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ "పోనీలే, ఇంకోటి కొనుక్కోవచ్చు" అన్నారు. మా అమ్మకి ఆ మాట తగిలినంత గట్టిగా ఆవు చావు కూడా తగల్లేదు. ఓదార్చే పుస్తకాలు కూడా చాలావరకు అదే పని చేస్తాయి. చివర్లో ఇంకో కుక్కపిల్ల వస్తుంది, లేదా పోయింది ఆకాశంలో నక్షత్రమై చూస్తుంటుంది. కేశవరెడ్డి ఆ అబద్ధం ఆడడు. ముసలివాడు ఆ రాత్రంతా పడిన కష్టానికి లోకం ఏమీ ఇవ్వదు. ఇస్తానని రచయిత కూడా చెప్పడు. కష్టంలో ఉన్న మనిషికి తన బాధ చిన్నది కాదని చెప్పేవాడు ఒకడు కావాలి, అంతే.

లెక్కల_మనిషి

ఒక మాట అడుగుతా, ఎవరూ కోప్పడొద్దు. కేశవరెడ్డి ముసలివాడికి ఆ పంది పెంపుడు జంతువా? అది వాడి కూడు. అది ఈనితే పిల్లలు, పిల్లలు పెరిగితే డబ్బు. అడవిలోకి పోయింది ప్రేమతో కాదు, నష్టం జరుగుతుందని. మా తాతకి జత ఎద్దులుండేవి. పేర్లు పెట్టి పిలిచేవాడు, కనుమ నాడు కొమ్ములకి రంగు వేసేవాడు, ఉప్పుచెక్క నోట్లో కుక్కేవాడు. ముసలివైతే సంతకి తోలేసేవాడు. సోఫా మీద పడుకోబెట్టుకునే ఇప్పటి కుక్క ప్రేమనీ దాన్నీ ఒకే గాటన కట్టడం సరికాదు.

హిందీ_మాస్టారు (రేణిగుంట)

లెక్కల మనిషి గారి ప్రశ్న మంచిది. దానికి వందేళ్ళ కిందటే బెంగాలీ రచయిత శరత్ జవాబు రాసి పెట్టాడు. 'మహేశ్' అని కథ. శరత్‌ని మన తాతల తరం తెలుగువాడే అనుకుని చదివింది, కాబట్టి స్వర్ణముఖి గారి నాయనకి కొత్త కాదు.

గఫూర్ అని పేద నేతపనివాడు. వాడి ముసలి ఎద్దు మహేశ్. ఒక కూతురు, అమీనా. కరువు. వరిగడ్డి అప్పు అడిగితే ఊరి పండితుడు ఇవ్వడు. తన ఇంటి కప్పులోంచి గడ్డి పీకి ఎద్దుకి వేస్తాడు గఫూర్. అమ్మేద్దామని ఒకసారి బేరం దాకా పోయి, కొనేవాళ్ళు తోలు లెక్క చూస్తున్నారని తెలిసి తరిమేస్తాడు. సరే, చివరికొస్తే: అమీనా ఎక్కడో బతిమాలి తెచ్చిన కుండెడు నీళ్ళు ఎద్దు గుద్ది పారబోసి, నేల మీద నీళ్ళు నాకుతుంటుంది. ఒళ్ళు తెలియని కోపంలో గఫూర్ నాగలితో దాని తల మీద కొడతాడు. తనే చంపుకుంటాడు.

ఆ రాత్రి కూతురి చెయ్యి పట్టుకుని జనపనార మిల్లులో పనికి ఊరొదిలి పోతూ ఆకాశం వైపు చూసి అల్లాని ఒకటి అడుగుతాడు. నన్ను ఎంతైనా శిక్షించు, కానీ నువ్విచ్చిన గడ్డీ నువ్విచ్చిన నీళ్ళూ నా మహేశ్‌ని ముట్టనివ్వనివాళ్ళని మాత్రం క్షమించొద్దు అని. ప్రేమ, పోగొట్టుకోవడం, నమ్మకం మూడూ ఆ ఒక్క మొరలో ఉన్నాయి. అది కూడు కోసం పెంచిన ఎద్దేనండీ. కూటికోసం పెంచినదాని మీద ప్రేమ ఉండదని ఎవరన్నారు? పేదవాడికి ప్రేమా లెక్కా వేరుగా ఉంచుకునే వీలుండదు, అంతే తేడా.

ఇక ప్రేమ్‌చంద్ 'పూస్ కీ రాత్' ఎన్ని క్లాసులకి చెప్పానో. కంబళికని దాచుకున్న మూడు రూపాయలూ అప్పులవాడికి కట్టేసి, చలిలో చేను కాపలాకి పోయిన హల్కూ, పక్కన జబ్రా అనే కుక్క. చలికి తట్టుకోలేక కుక్కని కావలించుకుని పడుకుంటాడు. దాని ఒళ్ళు కంపు కొడుతుంటుంది, వాడికి పట్టదు. పిల్లలు ఆ చోట నవ్వేవాళ్ళు. నేను ఆపేవాణ్ణి కాదు.

అలివేలు

మాస్టారూ, నమస్కారం. కానీ మీరు కూడా ఎద్దు చచ్చిపోయే కథే ఇచ్చారు! పైగా యజమానే చంపేది.

కపిలతీర్థం

పుస్తకాల సంగతి పెద్దలు చూసుకుంటున్నారు. నేను ఊళ్ళో ఎగతాళి చేసినవాళ్ళ సంగతి చెప్తాను.

కుక్కకి కర్మ ఏమిటి అని నవ్విన పెద్దమనుషులు రామాయణం విన్నవాళ్ళేగా? జటాయువు గద్ద. రాముడు దానికి తన చేత్తో చితి పేర్చి దహనం చేశాడు, పిండం పెట్టాడు, గోదావరిలో తర్పణం వదిలాడు. కన్నతండ్రికి చేయలేకపోయిన పని ఒక పక్షికి చేశాడు. మీ నాయన పోసిన పాలు శాస్త్రంలో ఉన్నాయా లేవా అని నన్నడిగితే, రాముడి పక్కన నిలబడి చేసిన పని అంటాను.

ఇంకోటి. మన ఆదికవి నన్నయ భారతం ఎత్తుకోగానే మొదట్లోనే ఎవరొస్తారు? రాజులు కాదు. సరమ అనే దేవలోకపు ఆడకుక్క. దాని పిల్ల జనమేజయుడి యజ్ఞం దగ్గర ఆడుకుంటుంటే రాజు తమ్ముళ్ళు ఊరికే కొడతారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. సరమ నేరుగా రాజు ముందుకి వచ్చి నిలదీస్తుంది. తగునో తగదో చూడకుండా సాధువులకీ పేదవాళ్ళకీ కీడు చేసేవాళ్ళకి కారణం తెలియని భయాలు వచ్చిపడతాయని చెప్పి మాయమవుతుంది. చక్రవర్తి హడలిపోయి శాంతి చేయించడానికి పురోహితుణ్ణి వెతుక్కుంటూ తిరుగుతాడు. మన భాషలో తొలి కావ్యం గుమ్మంలోనే ఒక కుక్కపిల్ల ఏడుపు ఉంది. నవ్వినవాళ్ళకి ఇది చదివి వినిపించండి.

ధర్మరాజు కుక్క సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నా.

పాకాల_పాసింజర్

కపిలతీర్థం గారూ, సరమ సంగతి మీరు రాసేదాకా నాకు గుర్తే లేదు. ధన్యవాదాలు. ధర్మరాజు కుక్క గురించి మాత్రం నాకొక ఫిర్యాదు ఉంది. అంత దూరం వెంట వచ్చిన కుక్కని వదిలి రథం ఎక్కనని ఆయన ఇంద్రుడితో వాదిస్తాడు, అద్భుతం. వెంటనే అది కుక్క కాదు, ధర్మదేవత అని తేలుస్తారు. పాడుచేశారు. కుక్కని కుక్కగానే స్వర్గానికి పంపి ఉంటే వ్యాసుడికి ఇంకో దండం ఎక్కువ పెట్టేవాణ్ణి.

కపిలతీర్థం

అది పరీక్ష అండీ. ఆయనకి తెలియదు కదా అది ధర్మదేవత అని. కుక్క అనుకునే స్వర్గం వదులుకున్నాడు. అక్కడే ఆయన గొప్ప.

పాకాల_పాసింజర్

ఆయన గొప్పే. నా బాధ కుక్క తరఫున.

గంగజాతర

ఇక్కడ దేవుణ్ణి అందరూ మంచివాడిగానే చెప్తున్నారు. ఇంకో పక్క నేను చెప్తా.

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పొట్టేలు ఉండేది. తమ్ముడికి జబ్బు చేస్తే మా అవ్వ గంగమ్మకి మొక్కుకుంది. జాతరలోపు పెంచి అమ్మకి ఇచ్చేస్తామని. నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. దాన్ని మేపుకొచ్చేది నేనే. నా వెంట బడి దాకా వచ్చి గేటు దగ్గర నిలబడేది. జాతర రోజు పొద్దున దానికి పసుపు పూసి, వేపాకు మండ మెడలో కట్టి, దండ వేస్తుంటే నాకు ఎంత సంతోషమో. నా పొట్టేలుకి పండగ చేస్తున్నారనుకున్నా.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ తిన్నారు. నేను తినలేదు. అవ్వ కూడా తినలేదని చాలా ఏళ్ళ తర్వాత అమ్మ చెప్పింది. మొక్కుకున్నది ఆమే, ఏడ్చింది కూడా ఆమే. గంగమ్మ మీద నమ్మకం ఆమెకి ఇసుమంత తగ్గలేదు. నాకు ఇప్పటికీ ఆ తల్లి అంటే భక్తి ఉంది, ఆ రోజంటే కోపమూ ఉంది. ఏటా మే నెలలో తాతయ్యగుంట గుడికి పోతా, పొంగలి పెడతా. వేటలు కొట్టే వైపు మాత్రం పోను.

ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఉంటాయో రాసిన తెలుగు పుస్తకం ఉంటే నాకూ చెప్పండి. స్వర్ణముఖి గారి నాయన కంటే ముందు నేనే చదువుతా.

అలివేలు

గంగజాతర అక్కా, ఏం రాయాలో తెలియడం లేదు. మీరే రాయొచ్చు కదా ఆ పుస్తకం.

కపిలతీర్థం

గంగజాతర గారి ప్రశ్నకి పూర్తి జవాబు కాదు గానీ, శ్రీకాళహస్తి కథ గుర్తొస్తోంది. సాలీడు, పాము, ఏనుగు. ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో రాశాడు. పాము రోజూ మణులు తెచ్చి శివుడికి పెడుతుంది. ఏనుగు వచ్చి ఆ రాళ్ళేంటని తోసేసి నీళ్ళు పోసి బిల్వదళాలు పెడుతుంది. పాము మర్నాడు వచ్చి ఎవడో నా పూజ పాడుచేశాడని కుమిలిపోతుంది. చివరికి ఏనుగు తొండంలో దూరుతుంది, ఏనుగు నొప్పి భరించలేక తల కొట్టుకుంటుంది, రెండూ చస్తాయి. రెండింటిదీ భక్తే! ఒకదాని భక్తి ఇంకోదానికి అపచారంగా కనపడింది. శివుడు ఎవరినీ తప్పుపట్టడు, రెండింటినీ చేర్చుకుంటాడు, ఊరికి వాటి పేర్లు పెట్టిస్తాడు. మీ అవ్వనీ మిమ్మల్నీ కలిపి చూస్తే నాకు ఆ పూజలే గుర్తొచ్చాయి.

గంగజాతర

బాగుంది సార్. కానీ ఆ కథలో నా పొట్టేలు ఎవరు?

కపిలతీర్థం

దానికి నా దగ్గర జవాబు లేదమ్మా.

వెటర్నరీ_పాత_విద్యార్థి (తిరుపతి)

చర్చ ఆలస్యంగా చూశాను. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకున్నవాణ్ణి. (1955లో మొదలైన కాలేజీ, ఇప్పుడు వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం.) నాకు సాహిత్యం తక్కువ, కానీ స్వర్ణముఖి గారి నాయనకి ఒక విషయం తెలియాలి.

ముసలి కుక్కల్లో కిడ్నీ జబ్బు దొంగలాంటిది. కిడ్నీల పనితనం మూడొంతులు పోయేదాకా చాలాసార్లు బయటికి ఏమీ కనపడదు. నీళ్ళు ఎక్కువ తాగడం, ఒంటేలు ఎక్కువ పోయడం ఉంటాయి, కానీ ఎండాకాలం కదా అనుకుంటాం. వాంతులు, నోటి వాసన, తిండి మానేయడం మొదలయ్యేసరికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) చాలా పైకి పోయి ఉంటుంది. అప్పుడు సెలైన్ పెట్టి కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు, అంతకు మించి కష్టం. కుక్క పోయిన పెద్దవాళ్ళు నా దగ్గరికి వచ్చి ఒకటే అడుగుతారు, "నేను ముందే చూసుకోలేదా?" అని. మీ నాయన పైకి చెప్పకపోయినా లోపల అదే నలుగుతూ ఉండొచ్చు. ఆయన చూసుకోకపోవడం వల్ల కాదని మీరే చెప్పండి. పుస్తకం కంటే ముందు ఈ మాట.

ఇంకో పిల్లని ఇప్పుడే తీసుకురావొద్దు. ఆయనే అడగాలి.

చిత్తూరు_చిన్నోడు

కుక్కల గురించి ఇంత మాట్లాడుతున్నారు, మా వీధిలో రాత్రి బండి మీద పోవాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోతున్నాం. మొన్న ఒక పిల్లాణ్ణి కరిచింది. మున్సిపాలిటీ ఏం చేస్తోంది? ముందు దాని గురించి

నిర్వాహకుడు

చిన్నోడు గారూ, మీ కష్టం నిజమే, కానీ అది వేరే చర్చ. 'ఊరూ వాడా' విభాగంలో కొత్తగా మొదలుపెట్టండి. దీని మీద వచ్చిన జవాబులు కూడా అక్కడికి మార్చాను. పుస్తకాల ముగింపులు ఇక్కడ బయటపెట్టొద్దని ఇంకోసారి మనవి. మాస్టారు గారు 'మహేశ్' మొత్తం చెప్పేశారు, పాత కథ కాబట్టి వదిలేస్తున్నాను.

స్వర్ణముఖి

అందరికీ నమస్కారాలు. ఆదివారం ఊరికి పోయొచ్చా. పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

ముందు డాక్టర్ గారు చెప్పిన మాట చెప్పాను. నాయన ఏమీ అనలేదు. కాసేపటికి "నీళ్ళు ఎక్కువ తాగుతా ఉండింది, నేను చూసినా" అన్నాడు. ఎండాకాలం అందరూ తాగుతారు నాయనా, అన్నాను. తల ఊపాడు. నెల తర్వాత మణిగాడి పేరు మా మధ్య రావడం అదే మొదలు.

జటాయువు సంగతి చెప్తే మాత్రం కసిరాడు. "నాకు తెలీదా? హరికథలు విని పెరిగినోణ్ణి. తెలీనిది వాళ్ళకి, పోయి వాళ్ళకి చెప్పు" అన్నాడు. కపిలతీర్థం గారూ, నన్ను నిజంగానే రచ్చబండకి పంపేట్టున్నాడు.

పుస్తకాలు రెండు తీసుకుపోయాను. శరత్ కథలు, 'అతడు అడవిని జయించాడు'. అలివేలు గారి మాట తీసేయాలని కాదు, నామిని దొరకలేదు. మహేశ్ నేనే చదివి వినిపించాను, ఆయన కళ్ళద్దాలు పాతవైపోయాయి. గఫూర్ కప్పులోంచి గడ్డి పీకిన చోట "ఊఁ" అన్నాడు. ఎద్దుని కొట్టిన చోట లేచి బయటికి పోయాడు. తిరిగొచ్చి "మిగతాది చదువు" అన్నాడు. మొర దగ్గర ఏమంటాడో అని చూశా. "అల్లా అయినా ఏం చేస్తాడు, ఆ పంతులు ఇంట్లో గడ్డివాము ఉండింది గదా" అన్నాడు. అంతే.

రెండోది అక్కడే పెట్టి వచ్చాను. కొత్త కళ్ళద్దాలకి కూడా ఇచ్చాం.

లెక్కల_మనిషి

గడ్డివాము మాట! మీ నాయన నాకు నచ్చారు.

హిందీ_మాస్టారు

నేను ఏళ్ళ తరబడి ఆ కథ గురించి మాట్లాడాను, గడ్డివాము గురించి ఒక్కనాడూ మాట్లాడలేదు. మొర గురించే మాట్లాడాను. పెద్దాయనకి నా నమస్కారం చెప్పండి.

అలివేలు

సరే, ఏడ్చే కథలతోనే పని జరిగేట్టుంది, నేనే తగ్గాలి. కానీ కేశవరెడ్డిదే ఇంకో పుస్తకం అంటూ ఎవరో ఒకరు 'మునెమ్మ' ఇమ్మంటారు, అందుకే ముందే చెప్తున్నా. అది వచ్చినప్పుడు పెద్ద చర్చే జరిగింది. గిత్త మీద మునెమ్మకున్న ప్రేమ ఎలాంటిది, ఆమె మొగుడికి ఆ గిత్త మీద అంత కసి ఎందుకు, ఆ చర్చంతా ఒక కూతురు తండ్రితో కూర్చుని మాట్లాడుకునేది కాదు.

పాకాల_పాసింజర్

అలివేలు గారూ, మీరన్నది నిజమే. కానీ ఆ గొడవలో పుస్తకంలోని అసలు కథ పక్కకి పోయింది. గిత్తని అమ్మడానికి తోలుకుపోయిన మనిషి తిరిగిరాడు, గిత్త ఒక్కటే ఇంటికి వస్తుంది. ఆ తర్వాత మునెమ్మ, చిన్న కుర్రాడు సినబ్బ వెంట, ఆ గిత్తతో బయలుదేరి తన మనిషికి ఏమైందో కనిపెడుతుంది. కష్టంలో ఉన్నవాళ్ళు కూర్చుని ఏడవడం కేశవరెడ్డికి తెలియదు. అందరూ లేచి నడుస్తారు. పందికోసం ముసలివాడు, మొగుడి కోసం మునెమ్మ. 'మూగవాని పిల్లనగ్రోవి'లో పోయిన భూమి కోసం బక్కిరెడ్డి. మొదటి పోస్టులో అడిగిన దేవుడెక్కడున్నాడు అనే ప్రశ్నకి ఆయన ఇచ్చేది ఇదే అనుకుంటా. దేవుడు పలుకుతాడా లేదా అనేది ఆయనకి పట్టదు. మనిషి మాత్రం తెల్లారేదాకా పొద దగ్గర ఉంటాడు.

గంగజాతర

పాసింజర్, నేను 'అతడు అడవిని' నిన్న రాత్రి చదివా. నా పొట్టేలు అందులో లేదు. కానీ పిల్లల్ని పెట్టుకున్న పంది ముసలివాణ్ణి దగ్గరికి రానివ్వని చోటు ఉందే, అక్కడ పుస్తకం మూసేశాను. ఇన్నేళ్ళు మేపినవాణ్ణి అది నక్కతో సమానంగా చూస్తుంది. నా పొట్టేలు నన్ను ఆ రోజు అట్లా చూసి ఉంటే నాకు ఇంకా తేలికగా ఉండేది. అది చివరిదాకా నా వెంటే నడిచింది, నమ్మి.

లెక్కల_మనిషి

నా ప్రశ్న నేను వెనక్కి తీసుకోవడం లేదు గానీ, గంగజాతర గారి పోస్టు చదివాక ఇంకోలా అడగాలనిపిస్తోంది. ముసలివాడికి నష్టం జరుగుతుందనే భయం ఒక్కటే ఉంటే, పంది మీదికి దూకినప్పుడు వెనక్కి తిరిగి ఇంటికి పోయేవాడు కదా? నక్కలున్నాయని తెలుసు, తను ముసలివాడని తెలుసు. లెక్క వేసుకుంటే పోవడమే లాభం. పోలేదు. నిన్న నేనూ చదివాను. ఒప్పుకోవాల్సి వస్తోంది, అక్కడ లెక్క కుదరలేదు.

స్వర్ణముఖి

నాయన చదివేశాడు. కొత్త కళ్ళద్దాలు వచ్చిన రోజే మొదలుపెట్టాడంట. నిన్న రాత్రి తనే ఫోన్ చేశాడు. "ఆ ముసిలోడిది తప్పు" అని మొదలుపెట్టాడు, హలో కూడా లేదు. "ఈనిన జీవం దగ్గరికి అంత దగ్గరగా ఎవడన్నా పోతాడా? కుక్క ఈనినా అంతే, పిల్లి ఈనినా అంతే. దూరంగా కూసోవాల. గాలి వాటం చూసుకోవాల. పందిది ఏం తప్పు? దాని పిల్లల్ని అది కాసుకుంటా ఉంది" అని చాలాసేపు వాదించాడు. నేను ఇంకా ఆ భాగం దాకా చదవలేదని చెప్తే, మరి నాకెందుకు ఇచ్చినావు అని తిట్టాడు. ఎన్నాళ్ళకో నన్ను ఇంతసేపు తిట్టాడు!

ఆ డాక్టరు ఇంకేమేమి రాశాడు అని అడిగాడు. అలివేలు గారూ, మీరు వద్దన్నారు కానీ 'మునెమ్మ' పేరు చెప్పేశాను. గిత్త ఒక్కటే తిరిగొస్తుంది అనగానే "తెచ్చి ఇయ్యి" అన్నాడు. తిరుపతిలో ఎక్కడ దొరుకుతుంది? నేను అడిగిన రెండు షాపుల్లో లేదు.

అలివేలు

గాలి వాటం మాట నిజమే కదా! నేను నిజంగా ఆలోచించలేదు. సరే, మునెమ్మ ఇవ్వండి. చదివాక మాత్రం మీతో కాదు, నాతో మాట్లాడమనండి.

వెటర్నరీ_పాత_విద్యార్థి

పెద్దాయన చెప్పింది అక్షరాలా సరి. ఈనిన కొత్తలో పందిని కదిలిస్తే దూకుతుంది, ఒక్కోసారి కంగారులో తన పిల్లల్నే తొక్కేస్తుంది. మా ప్రొఫెసర్ ఇదే చెప్పేవారు, ఇంత తేటగా కాదు.

పాకాల_పాసింజర్

అక్కా, ముసలివాడు దూరంగానే కూర్చుంటాడు, చాలాసేపు. నాయనతో ఈ విషయం మీద నేను గొడవ పడాలి, నంబరు వద్దు, ఆదివారం ఊరికి పోయేటప్పుడు చెప్పండి, వస్తా. నా 'మునెమ్మ' కాపీ మీరు తీసుకోండి. అట్ట చిరిగింది, లోపల పెన్సిలు గీతలున్నాయి, అవి పట్టించుకోవద్దని చెప్పండి. శుక్రవారం సాయంత్రం బస్టాండు దగ్గరికి వస్తా. తిరిగి ఇవ్వాలి మాత్రం. పోయినసారి ఈ వేదికలో ఒకరికి ఇచ్చిన 'చివరి గుడిసె' ఇంతవరకు రాలేదు, ఎవరో వాళ్ళకి తెలుసు.

లెక్కల_మనిషి

నా దగ్గరే ఉంది. శుక్రవారం నేనూ వస్తా.